మనిషిని ముందు కూర్చోబెట్టిన ఇంజన్

(రైలు అభిమానుల సమావేశంలో ఒక రిటైర్డ్ లోకో ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "స్టీమ్ ఇంజన్ల గురించి ఏదైనా చెప్పండి సార్, ఈసారి ఇంజనీరింగ్ పిల్లలు కూడా వస్తున్నారు" అని నిర్వాహకులు ఫోన్ చేశారు. ఏం చెప్పాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు శాక్రమెంటో రైల్వే మ్యూజియంలో ఒక ఇంజన్ చూశాను. అప్పటినుంచీ అది నా మనసులోంచి పోలేదు. దాని నంబరు 4294. ఈ సాయంత్రం దాని గురించే చెబుతాను.

అది ఎందుకంతగా పట్టుకుందో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను 1978లో మీటర్‌గేజి షెడ్డులో క్లీనర్‌గా చేరాను. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఆ తర్వాత ఫస్ట్ ఫైర్‌మన్ అయ్యాను. ఫైర్‌మన్ అంటే ఇంజన్‌లో నిప్పు చూసుకునేవాడు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఎక్కే లైను మాది. ఇప్పుడది బ్రాడ్‌గేజి అయిపోయింది. అప్పట్లో ఆ ఘాట్ మీద గూడ్స్ బండిని వై.జి. అనే మీటర్‌గేజి స్టీమ్ ఇంజన్‌తో లాగాలి. దారిలో సొరంగం ఉంది. మేం సొరంగాన్ని బోగదా అంటాం, అక్కడి స్టేషను పేరూ బోగదాయే.

బోగదా నోరు కనిపించగానే డ్రైవరు గారు పొడుగ్గా విజిల్ కొట్టేవారు. అది లోపల పట్టాల మీద ఎవరైనా ఉంటే తప్పుకోమని చెప్పడానికి. మాకు మాత్రం అది తువ్వాలు తడుపుకోమని చెప్పడమే. లోపలికి పోయాక బొగ్గు వేస్తే పొగ ఇంకా ముసురుకుంటుంది కాబట్టి, నిప్పుల్ని బయటే సిద్ధం చేసుకునేవాళ్ళం. తడి తువ్వాలు ముక్కుకీ నోటికీ చుట్టుకుని, ఫుట్‌ప్లేట్, అంటే మేం నిలబడే ఇనుప నేల, దాని మీద వంగి, గాలి కాస్త చల్లగా ఉండే నేల దగ్గర తల పెట్టేవాళ్ళం. పొగగొట్టం మనకు ముందు ఉంటుంది, మనం వెనక ఉంటాం. ఇంజన్ వదిలిన పొగ, ఆవిరి సొరంగం కప్పుకు కొట్టుకుని, నేరుగా మన మొహం మీదికే దిగుతాయి.

ఒక వానాకాలం రాత్రి లోపలికి పోయాక చక్రాలు జారాయి. పట్టాలు తడిగా ఉన్నాయి. ఇంజన్ ఒక్కసారిగా గడగడమని ఉత్తినే తిరుగుతుంది, డ్రైవరు గారు ఆవిరిని వదిలే పిడి, రెగ్యులేటర్, మూస్తారు, ఇసుక వదులుతారు, మళ్ళీ తెరుస్తారు. బండి నాలుగడుగులు కదిలి మళ్ళీ జారుతుంది. మాతో ఉన్న సెకండ్ ఫైర్‌మన్ ఇరవై ఏళ్ళ కుర్రాడు. చూస్తుండగానే నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. వాడి తల నా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, క్యాన్‌లో నీళ్ళన్నీ వాడి మొహం మీద పోశాను. బయటపడ్డాక వాడు కళ్ళు తెరిచి "అన్నా, స్టేషను వచ్చిందా" అని అడిగాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మాది చిన్న ఇంజన్, మాకున్నది ఒక్క బోగదా. ఇప్పుడు చెప్పబోయే వాళ్ళకు అలాంటి చీకటి దాదాపు 40 మైళ్ళు.

కాలిఫోర్నియా తూర్పు అంచున సియెర్రా నెవాడా అని పెద్ద పర్వతశ్రేణి ఉంది. దాన్ని దాటే కనుమ పేరు డానర్ పాస్. అమెరికా తూర్పు తీరాన్నీ పడమటి తీరాన్నీ కలిపిన మొదటి రైలుమార్గం ఆ కనుమ మీదుగానే వెళ్ళింది. సెంట్రల్ పసిఫిక్ కంపెనీ 1863లో శాక్రమెంటో దగ్గర పని మొదలుపెట్టింది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర, తూర్పు నుంచి వస్తున్న యూనియన్ పసిఫిక్ పట్టాలతో కలిపింది. ఆ కొండలు తొలిచింది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన కూలీలు. పది వేల మందికి పైనే పనిచేశారు. శిఖరం దగ్గరున్న ఆరో నంబరు సొరంగం పొడవు 1,659 అడుగులు. అంతా గ్రానైట్ రాయి. సుత్తి, ఉలి, తుపాకిమందు, తర్వాత నైట్రోగ్లిజరిన్, ఇవే పనిముట్లు. రెండు చివరల నుంచే తొలిస్తే ఏళ్ళు పడుతుందని, కొండ నడినెత్తిన బావిలాగా తవ్వి లోపలికి దిగి, అక్కడినుంచి కూడా రెండు వైపులకీ తొలిచారు. అంటే ఒకేసారి నాలుగు చోట్ల పని. అయినా రాయి రోజుకు ఒక అడుగు, అటూ ఇటూగా అంతే జరిగేది. జీతాల పుస్తకాల్లో చాలా చోట్ల ముఠా మేస్త్రీ పేరే ఉంటుంది. ఆ ముఠాలో చేసినవాళ్ళ పేర్లు ఉండవు.

1993లో ఆ సొరంగంలో పట్టాలు తీసేశారు. బండ్లు ఇప్పుడు పక్కనున్న ఇంకో లైను మీద పోతాయి. అందుకని ఆ పాత సొరంగంలో మనం నడవవచ్చు. మా అల్లుడు నన్ను తీసుకెళ్ళాడు. ఎండాకాలంలో కూడా లోపల చలి, పైనుంచి నీటి చుక్కలు. టార్చి గోడకు దగ్గరగా పెడితే రాతిలో ఉలి దిగిన గాట్లు కనిపిస్తాయి. వేలు పెట్టి చూశాను, వేలు సరిగ్గా పట్టింది. సొరంగం దాటాక ఒక లోయను పూడ్చి కట్టిన రాతిగోడ ఉంది. దాన్ని చైనా గోడ అనే పిలుస్తారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చారు. దాని మీద నూట ఇరవై ఏళ్ళు రైళ్ళు నడిచాయి.

ఆ కొండ లెక్క చూడండి. దిగువన రోజ్‌విల్ అనే ఊళ్ళో పెద్ద యార్డు ఉంది. అది సముద్రమట్టానికి నూట అరవై అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. శిఖరం 7,000 అడుగులు. ఈ ఎత్తంతా 90 మైళ్ళ లోపే ఎక్కాలి. కష్టమైన చోట్ల ఎక్కుడు నూటికి రెండున్నరకు కాస్త తక్కువ. అంటే నలభై అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేవాలి. రోడ్డు మీద లారీకి ఇదేం లెక్క కాదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి అది చాలా నిటారు.

ఎక్కుడు ఒక్కటే అయితే పెద్ద ఇంజన్ పెట్టుకుంటే సరిపోయేది. అక్కడి అసలు శత్రువు మంచు. శిఖరం మీద ఒక్క చలికాలంలో 30 అడుగులు దాటి పడుతుంది. మన ఇళ్ళ లెక్కన మూడంతస్తులు. ఎంత తోడినా పట్టాలు కనబడవు. అందుకని 1867 నుంచి పట్టాల మీద చెక్కతో కప్పులు కట్టుకుంటూ పోయారు. వాటిని స్నోషెడ్లు అంటారు. మొత్తం 37 మైళ్ళ దాకా కట్టారు. పైన కప్పు, రెండు పక్కలా చెక్క గోడలు. మైళ్ళ పొడవున్న కొట్టంలోంచి రైలు పోతున్నట్టు ఉంటుంది. మంచు నుంచి పట్టాలను కాపాడాయి, నిజమే. కానీ ఎండిన చెక్క, కింద నిప్పులు కక్కే ఇంజన్. ఎప్పుడు ఏ మూల అంటుకుంటుందో తెలియదు. ఎదురుగా కొండ మీద ఒక గది కట్టి, దూరదర్శినితో ఆ షెడ్ల వైపే చూస్తూ ఉండటానికి మనుషుల్ని పెట్టారు. పొగ లేచిందంటే కబురు పోతుంది. నీళ్ళ ట్యాంకులతో ఫైర్ ట్రైన్లు ఎప్పుడూ నిప్పు చేసుకుని సిద్ధంగా ఉండేవి.

సరే, ఇంజన్ దగ్గరికి వద్దాం. పిల్లలు కొంచెం జాగ్రత్తగా వినండి.

బరువు లాగాలంటే పట్టాల మీద ఎక్కువ చక్రాలు తిరగాలి, బాయిలర్ పెద్దది కావాలి. అలా పెంచుకుంటూ పోతే ఇంజన్ పొడవైపోతుంది. కొండ మీదేమో మలుపులు. పొడవాటి నిచ్చెన భుజాన వేసుకుని ఇరుకు సందులో మలుపు తిరగాలంటే ఎంత కష్టమో మీకు తెలుసు. అనటోల్ మాలే అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టి 1884లో పేటెంటు తీసుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పనిచేసినవాడు. ఒకే బాయిలర్ కింద రెండు ఇంజన్లు, అంటే సిలిండర్లూ చక్రాలూ రెండు సెట్లు, పెట్టాడు. ఒకటి బాయిలర్‌కి బిగించి ఉంటుంది. రెండోది తలుపు బందులాంటి దాని మీద అటూ ఇటూ తిరుగుతుంది. మలుపులో బాయిలర్ తిన్నగానే ఉంటుంది, కింద చక్రాలు మాత్రం రోకలిబండ పురుగులాగా వంగి పోతాయి. ఆర్టిక్యులేటెడ్ ఇంజన్ అంటే ఇదే.

మాలే చేసిన రెండో పని ఇంకా తెలివైనది. చెరకు రసం బండివాడు గడను ఒకసారి పిండి పారేయడు కదా, మడిచి మళ్ళీ పెడతాడు. అలాగే ఆవిరిని ముందు చిన్న సిలిండర్లలో వాడి, అందులో ఇంకా మిగిలిన బలాన్ని పెద్ద సిలిండర్లలోకి పంపి రెండోసారి వాడాడు. బలం తగ్గిన ఆవిరి కాబట్టి రెండో సిలిండరు బాగా పెద్దది కావాలి. డానర్ మీదికి వచ్చిన మొదటి మాలే ఇంజన్లలో చిన్న సిలిండరు అడ్డకొలత 26 అంగుళాలు, పెద్దది 40 అంగుళాలు. నలభై అంగుళాల పిస్టన్ అంటే దాని మీద అన్నం విస్తర్లు నాలుగు పరచొచ్చు.

అమెరికాలో ఈ పద్ధతిని మొదట వాడింది బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే, 1904లో. ఐదేళ్ళకు డానర్ లైను చూసుకునే సదరన్ పసిఫిక్ కంపెనీ ఫిలడెల్ఫియాలోని బాల్డ్విన్ కార్ఖానా నుంచి రెండు ఇంజన్లు తెప్పించింది. నంబర్లు 4000, 4001. ముందు రెండు చిన్న చక్రాలు, తర్వాత ఎనిమిది, మళ్ళీ ఎనిమిది, వెనక రెండు. రెండు మామూలు ఇంజన్ల పని ఒక్కటే చేస్తుందని తెప్పించారు, చేసింది కూడా. ఇంజన్ వైపు నుంచి చూస్తే ఏ లోపమూ లేదు.

లోపం ఎక్కడ వచ్చిందో నాకు పుస్తకంలో చదవక ముందే అర్థమైంది. ఇంజన్ పెద్దది కాబట్టి పొగ పెద్దది. కొండ ఎక్కేటప్పుడు మనిషి పరిగెత్తితే అందుకునేంత వేగమే. పైన కప్పు, పక్కన గోడలు, అలా మైళ్ళకు మైళ్ళు. పొగగొట్టం వెనక, ఇంత పొడవు బాయిలర్ చివర, డ్రైవరూ ఫైర్‌మనూ. మేం ఒక్క బోగదాలో తువ్వాలు కట్టుకుని బతికాం. వాళ్ళు ఒక షెడ్డులోంచి సొరంగంలోకి, సొరంగంలోంచి మళ్ళీ షెడ్డులోకి పోతూనే ఉన్నారు. ఊపిరి ఆడలేదు. ఆ ఇంజన్లతో ఆ లైను మీద పనిచేయడం సాధ్యం కాదని తేలిపోయింది.

దీనికి సిబ్బంది తమంతట తామే ఒక ఉపాయం పట్టారు. ఇంజన్‌ని తిరగేసి, టెండరు, అంటే ఇంధనమూ నీళ్ళూ మోసే బండి, ముందు వచ్చేటట్టు వెనక్కి నడిపారు. అలా పోతే పొగగొట్టం మన వెనక పడుతుంది. పొగ మన మీదికి రాదు. కానీ ముందున్న టెండరు మూలాన పట్టాలు కనబడవు. ఇక్కడ మేమూ ఎన్నోసార్లు టెండరు ముందు పెట్టి నడిపాం, మెడ బయట పెట్టి పెట్టి పట్టేసేది. అయినా వాళ్ళకు అసలు మార్గం కనబడింది. మనిషి ముందుండాలి, పొగ వెనకుండాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఒక చిన్న నేరోగేజి రైల్వేలో 1901లోనే విలియం థామస్ అనే మెకానిక్ క్యాబ్, అంటే డ్రైవరు కూర్చునే గది, ముందుండే ఇంజన్ ఒకటి కట్టాడు. దాన్ని జనం వింతగా చూశారే తప్ప ఎవరూ పట్టించుకోలేదు. డానర్ మీద అవసరం వచ్చాక ఆ ఆలోచనకు విలువ వచ్చింది. సదరన్ పసిఫిక్ ఈసారి ఏకంగా 15 ఇంజన్లు ఆర్డరిచ్చింది. వాటన్నిటికీ క్యాబ్ ముందే. 1910 మొదటికల్లా అవి కొండ మీద తిరుగుతున్నాయి.

ఇంజన్‌ని తిప్పడం చెప్పినంత తేలిక కాదు. టెండరు పొగగొట్టం వైపుకు పోయింది, మంట మండే ఫైర్‌బాక్సు ముందు డ్రైవరు దగ్గర ఉంది. మధ్యలో బాయిలర్ మొత్తం ఉంది. బొగ్గయితే అంత దూరం ఎవరు మోస్తారు? పార ఎంత పొడుగున్నా అందదు. అదృష్టం ఏమిటంటే కాలిఫోర్నియాలో చమురు దొరుకుతుంది, ఆ కంపెనీ అప్పటికే ఇంజన్లలో చమురు కాల్చడం మొదలుపెట్టింది. చమురైతే గొట్టంలో పంపొచ్చు. కానీ ఆ చమురు మన కిరసనాయిలు లాంటిది కాదు. తారులాగా చిక్కగా ఉంటుంది. చల్లబడితే కదలదు. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ ముందు భాగం ఎత్తులో ఉంటుంది, వెనకున్న టెండర్లో చమురు పల్లంలో ఉంటుంది. పల్లంలోంచి మిట్టకు చమురు దానంతట అది ఎలా పోతుంది?

మీలో పెద్దవాళ్ళకు పంపు స్టవ్వు గుర్తుందా? ట్యాంకులో కిరసనాయిలు పోసి, మూత గట్టిగా బిగించి, పిడితో గాలి కొడితే చమురు పైకి ఎక్కి బర్నర్‌కి వస్తుంది. వాళ్ళు చేసింది అచ్చంగా అదే. టెండర్లో చమురు ట్యాంకుకి గాలి పోకుండా మూత బిగించి, లోపలికి చదరపు అంగుళానికి 5 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపారు. చమురు వేడెక్కడానికి ఆవిరి గొట్టాలు పెట్టారు. చమురు బాయిలర్ పొడవునా గొట్టంలో ప్రయాణం చేసి ముందుకొచ్చి మండేది. ఇంజన్ తిరగడానికి కావలసిన అసలు కీలకం అదే. వంటింటి స్టవ్వులో ఉన్న సూత్రం వందల టన్నుల ఇంజన్‌ని తిప్పి పెట్టింది. ఇదే కంపెనీ 1939లో కొన్ని ఆర్టిక్యులేటెడ్ ఇంజన్లను బొగ్గుతో నడపాలనుకుంది. వాటికి మాత్రం క్యాబ్ మళ్ళీ వెనక్కి పోయింది. బొగ్గుతో ఇది కుదరదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ ఇంజన్ మీద ఫైర్‌మన్ పని ఎలా ఉండేదో చెబుతాను. బొగ్గు పార లేదు కాబట్టి నడుము నొప్పి లేదు. కానీ కూర్చుని నిద్రపోయే పనీ కాదు. డ్రైవరు రెగ్యులేటర్ తెరిస్తే ఫైర్‌మన్ అదే క్షణంలో చమురు పెంచాలి, మూస్తే తగ్గించాలి. చమురు ఎక్కువైతే పొగగొట్టంలోంచి నల్లగా పొగ, తక్కువైతే ఆవిరి పడిపోతుంది. ఇద్దరి చేతులూ కలిసి కదలాలి. ఇంకో పని ఉంది. చమురు మసి బాయిలర్ గొట్టాల లోపల పేరుకుంటుంది. అది పోవడానికి ఇసుక వాడతారు. ఫైర్‌మన్ ఒక డబ్బాతో ఇసుక తీసి ఫైర్‌బాక్సు కన్నం దగ్గర పెడితే, లోపలి గాలి దాన్ని ఒక్క గుక్కలో లాగేసుకుంటుంది. ఆ ఇసుక గొట్టాల్లో మసిని గీరుకుంటూ పోయి పొగగొట్టంలోంచి బయటపడుతుంది. ఆ కాసేపు ఆకాశం నల్లబడిపోతుంది. మా బొగ్గు ఇంజన్ల మీద ఈ పద్ధతి లేదు, నాకు ఇది చాలా కొత్తగా అనిపించింది.

వాళ్ళ భాషలో ఈ ఇంజన్ల పేరు మ్యాలీ. మాలే అన్న పేరు నోళ్ళలో పడి అలా అయింది. తర్వాత ఆవిరిని రెండోసారి వాడే పద్ధతి మానేసి, నాలుగు సిలిండర్లకూ బాయిలర్ నుంచే నేరుగా ఆవిరి ఇచ్చారు. ఆ తర్వాత కూడా పేరు మారలేదు. 1928 నుంచి వచ్చిన కొత్తవి ఇలాంటివే. ముందు నాలుగు చిన్న చక్రాలు పెట్టడం వల్ల మలుపుల్లో నిలకడ వచ్చింది. అంతకు ముందు ప్యాసింజర్ బండ్ల కోసం తెచ్చిన కొన్నిటికి ముందు రెండే చక్రాలుండేవి. అవి వేగంలో ఊగేవి, తర్వాత వాటికీ నాలుగు పెట్టి సరిచేసుకున్నారు. మొత్తం ఈ క్యాబ్ ముందున్న ఇంజన్లు 256 కట్టారు. డానర్ ఒక్కటే కాదు, దక్షిణాన టెహచాపి కొండలు, ఉత్తరాన ఆరెగాన్ కొండలు, అన్ని చోట్లా నడిచాయి.

చివరి తరగతి ఇరవై ఇంజన్లు 1943, 44లో వచ్చాయి. యుద్ధకాలం, పసిఫిక్ తీరానికి సరుకు ఆగకుండా పోవాలి. ఆ ఇరవైలో చివరిదే నేను చూసిన 4294. 1944 మార్చిలో వచ్చింది. టెండరుతో కలిపి బరువు 470 టన్నుల పైన. మా వై.జి. నిండా బొగ్గూ నీళ్ళూ పోసినా వంద టన్నులు ఉండదు. పొడవు 120 అడుగులు దాటుతుంది. పెద్ద చక్రం 63 అంగుళాలు, నేను పక్కన నిలబడితే నా గడ్డం దాకా వచ్చింది. ఆవిరి ఒత్తిడి 250 పౌండ్లు, మాది 210. గుర్రపు బలం 6,000 అని లెక్క. టెండర్లో నీళ్ళే 22,000 గ్యాలన్లు.

ఇంత ఇంజన్ కూడా ఆ కొండ మీద ఒంటరిగా పోయేది కాదు. పెద్ద గూడ్స్ బండికి నాలుగు ఇంజన్ల దాకా కట్టేవారు. ముందు ఒకటి, మిగతావి మధ్యలోనూ వెనకా. అప్పట్లో వాకీటాకీలు లేవు. ముందు డ్రైవరు విజిల్ కొడితే మధ్యవాడు అందుకోవాలి, వెనకవాడు అందుకోవాలి. తర్వాత అందరూ ఒకే సమయానికి రెగ్యులేటర్ తెరవాలి. ఒకడు తొందరపడితే మధ్యలో కప్లింగ్ తెగుతుంది. ఇందులో నన్ను కలతపెట్టిన సంగతి ఒకటుంది. ముందు ఇంజన్ మీదున్నవాళ్ళకు గాలి శుభ్రంగా దొరికింది. కానీ మధ్యలో ఉన్నవాళ్ళు తమ పొగను తప్పించుకున్నా, ముందు ఇంజన్ వదిలి పోయిన పొగలోకే వెళ్ళాలి. క్యాబ్‌ని ముందుకు తెచ్చినంత మాత్రాన అందరి కష్టమూ తీరలేదు. మాట్లాడేటప్పుడు వాళ్ళను వదిలేయకూడదు.

ముందు కూర్చున్నవాళ్ళకు కూడా ఒక భయం ఉండేది. మామూలు ఇంజన్‌లో ఏదైనా గుద్దుకుంటే మన ముందు బాయిలర్ ఉంటుంది. ఇక్కడ మన ముందు రేకూ అద్దమూ. కొండచరియ విరిగిపడ్డా, గేటు దగ్గర లారీ అడ్డం వచ్చినా మొదట తగిలేది మనిషికే. తర్వాత నేను డీజిల్ నడిపినప్పుడు ఇదే టెన్షన్ అనుభవించాను. అయినా ఆ సిబ్బంది ఈ ఇంజన్లనే కోరుకున్నారు. నాకు ఆశ్చర్యం లేదు. గుద్దుకోవడం ఎప్పుడో జరగొచ్చు, జరగకపోవచ్చు. ఊపిరి మాత్రం ప్రతి రోజూ కావాలి.

ఇక్కడ మన దేశం సంగతి ఒక్క మాట. మనం మాలేని కాకుండా గ్యారట్‌ని నమ్ముకున్నాం. అందులో బాయిలర్‌ని రెండు ఇంజన్ల మధ్య పల్లకీలాగా మోస్తారు. డార్జిలింగ్ కొండ రైలుకు అలాంటి బుల్లి ఇంజన్ ఒకటి వచ్చింది. వాల్తేరు దాకా లైనున్న బెంగాల్ నాగపూర్ రైల్వే అయితే మాంచెస్టర్ నుంచి భారీ గ్యారట్లు తెప్పించింది. వాటిలో ఒకటి ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది, వెళ్ళినప్పుడు తప్పకుండా చూడండి. దాని గురించి ఇంకోసారి విడిగా మాట్లాడుకుందాం.

అప్పట్లో డానర్ మీద చలికాలంలో రోటరీ అనే మంచుతోడు బండి నడిచేది. ముందు పెద్ద రెక్కల చక్రం తిరుగుతూ మంచును తొలిచి పక్కకు విసిరేది. దాని బాయిలర్ ఆ చక్రం తిప్పడానికే సరిపోయేది, నడవడానికి ఇంకో ఇంజన్ వెనకనుంచి తోయాల్సి వచ్చేది. ఆ తోసే పని మన మ్యాలీలదే. 1952 జనవరి 13న సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే ఎక్స్‌ప్రెస్ యూబా గ్యాప్ దగ్గర మంచులో కూరుకుపోయింది. 226 మంది ప్రయాణికులూ సిబ్బందీ మూడు రోజులు అందులోనే ఉండిపోయారు. వాళ్ళను బయటికి తెచ్చారు, కానీ సహాయానికి పోయిన రోటరీ సిబ్బందిలో ఒక డ్రైవరు మంచు విరిగిపడి చనిపోయాడు. ఆ ఎక్స్‌ప్రెస్‌ని లాగింది డీజిల్ ఇంజన్లు. అప్పటికే కొండ మీద రోజులు మారుతున్నాయన్నమాట.

డీజిల్ వచ్చాక మ్యాలీలు ఎంతో కాలం లేవు. 1956కల్లా రోజువారీ పని అయిపోయింది. 1957 చివర్లో 4274 నంబరు ఇంజన్‌తో అభిమానుల కోసం ఒక ప్రత్యేక రైలు కొండ మీదుగా రీనో దాకా నడిపారు. మిగిలినవి ఒకటొకటిగా తుక్కుకు పోయాయి. 256లో 255 పోయాయి. 4294ని 1958లో శాక్రమెంటో స్టేషను దగ్గర పెట్టారు, తర్వాత మ్యూజియంలోకి తెచ్చారు. ఆర్టిక్యులేటెడ్ ఇంజన్లనగానే అందరూ యూనియన్ పసిఫిక్ వాళ్ళ బిగ్ బాయ్ గురించే అడుగుతారు. అది ఇంకా పెద్దది, 2019 నుంచి మళ్ళీ నడుస్తోంది కూడా. గొప్ప ఇంజనే. కానీ నన్నడిగితే, బండి ఎంత లాగుతుందని లెక్కవేసిన ఇంజనీర్లు వందమంది ఉన్నారు. లాగేవాడికి గాలి ఆడుతుందా అని అడిగి, ఆ జవాబు కోసం ఇంజన్‌నే తిరగేసింది ఇక్కడ. నా ఓటు 4294కే.

మ్యూజియంలో దాని క్యాబ్‌లోకి ఎక్కనిస్తారు. మెట్లెక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చేతికి రెగ్యులేటర్ తగిలింది. నా అలవాటు కొద్దీ తల పక్కకు వంచి బయటికి చూడబోయాను. వై.జి. మీద బాయిలర్ పక్కనుంచి తొంగి చూడకపోతే ఏమీ కనపడదు కదా. ఇక్కడ తల వంచే పనే లేదు. ఎదురుగా అద్దం, అద్దం ముందు ఏమీ లేదు. మంటా, పొగా, బాయిలర్, సిలిండర్లు అన్నీ నా వీపు వెనక ఉన్నాయి. మా అమ్మాయి కింద నిలబడి "నాన్నా, దిగవా, వెనక వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అని పిలిచింది. నేను పక్కనున్న ఫైర్‌మన్ సీటు వైపు చూశాను. ఆ రాత్రి బోగదాలో పడిపోయిన మా కుర్రాడు అక్కడ కూర్చుని ఉంటే ఎలా ఉండేదా అని చూశాను. తర్వాత దిగిపోయాను.

బాబూ, ఆ లైట్లు కాస్త తీసెయ్యి. ఆరో నంబరు సొరంగంలో మా అల్లుడు తీసిన ఫోటోలున్నాయి. మొదటిది ఉలి గాట్లు పడిన గోడ. ముందు వరుసలో పిల్లలు కొంచెం దగ్గరికి రండి, దూరం నుంచి కనపడవు.